మీటరు దాటిన నీళ్ళు

మా పాత ఇంటి ఓనరమ్మ పోయిందన్న కబురు నాకు చెప్పింది ఆమె ఎదురింటాయన. లేఔట్ సంఘానికి సెక్రటరీ కూడా ఆయనే. పొద్దున్నే ఫోన్ చేశాడు. "బ్యాడ్ న్యూసండీ. మీ ఓనరమ్మ గారు పోయారు. నిద్రలోనేనట. ఈరోజు మనకి నీళ్ళొచ్చే రోజు. పదకొండు దాటితే ఆగిపోతాయి. స్నానం చేయించడం అదీ ఉంటుంది కదా, కాస్త తొందరగా వస్తే బాగుంటుంది" అన్నాడు. అంతలోనే గొంతు బరువు చేసుకుని, "ఆవిడ మన లేఔట్‌కి పెద్ద దిక్కండీ" అని కూడా అన్నాడు.

ఏడుపు రావలసిన చోట నాకు ముందు ఒళ్ళు మండింది. ఈ పెద్దమనిషి ఆవిడని ఎదురుపడితే మేడం అనేవాడు, గేటు దాటగానే మెంటల్ కేసు అనేవాడు. ఎన్నో ఏళ్ళు అన్నాడు. నేను ఆ వీధి వదిలేదాకా విన్నాను. మనిషి పోయిన పూటకే ఆవిడ దిక్కు అయిపోయింది. పోయినవాళ్ళు తిరిగి జవాబు చెప్పరు కాబట్టి ఇలాంటివాళ్ళకి పోయినవాళ్ళంటే ఎంతో గౌరవం.

మీలో ఎవరికీ ఆవిడ తెలియదు. తెలియాల్సినంత గొప్ప పనులు ఆవిడ చేయలేదు. మంచి మాట ఒకటి ఆవిడ నోట విన్నవాళ్ళు కూడా తక్కువే. తనదైనదాన్ని తనది అని ఒప్పుకుంది, అంతే. దానికి ఇంత రాయాలా అని మీరు అనుకోవచ్చు. మా వీధిలో కొన్నాళ్ళు కాపురం చేసి ఉంటే అలా అనుకోరు.

తొంభైల చివర్లో మేము ఒంగోలు వైపు నుంచి బెంగళూరు వచ్చాం. మా ఆయనకి జిగణిలో ఒక ఫ్యాక్టరీలో పని. బొమ్మనహళ్ళి దాటాక రోడ్డు బాగా పల్లానికి దిగుతుంది. ఆ పల్లంలో ఉన్న చిన్న లేఔట్‌లో ఒక ఇంటి కింది వాటా ఖాళీగా ఉందంటే చూడ్డానికి వెళ్ళాం. అప్పటికి చాలా ఇళ్ళు తిరిగి ఉన్నాం. ప్రతిచోటా అడిగే ప్రశ్నలు ఒకటే. జీతం ఎంత, మీరేమిట్లు, మాంసం తింటారా. ఈవిడ అవేవీ అడగలేదు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి హవాయి చెప్పులు వేసుకున్న ఒక బక్కపల్చటి మనిషి మమ్మల్ని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"నల్లి తిప్పు, చూస్తాను" అంది నాతో. నల్లి అంటే కొళాయి అని మా ఆయన చెవిలో చెప్పాడు. తిప్పాను. నీళ్ళు రాలేదు.

"ఇప్పుడు కట్టెయ్యి."

ఎందుకైనా మంచిదని గట్టిగా బిగించాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అంత బలం యాడ నేర్చినావు పాపా? నల్లి ఉండేది తిప్పేదానికి, గొంతు పిసికేదానికి కాదు. వాషరు మీ నాయన తెచ్చిస్తాడా?" అంది. నాకు అవమానంగా అనిపించి బయటికి నడిచాను. గేటు దాకా వచ్చాక వెనక నుంచి, "ఒకటో తారీకు వచ్చెయ్యండి" అని వినిపించింది.

ఆవిడ భర్త మిల్లులో పనిచేసేవాడట, ఆ ఇల్లు కట్టించి కొన్నాళ్ళకే పోయాడు. పిల్లలు లేరు. దేవనహళ్ళి వైపు ద్రాక్షతోట చూసుకునే ఒక తమ్ముడు ఉన్నాడు. ఎప్పుడైనా వచ్చి, అరుగు మీద కూర్చుని, అక్క చేత నాలుగు తిట్లు తిని వెళ్ళేవాడు. పై వాటాలో ఆవిడ, కింది వాటాలో మేము. వరలక్ష్మీ వ్రతానికి వీధిలోవాళ్ళు ఆవిడని పిలవాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే ఆవిడే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, "పిలిస్తే మీకు భయం, పిలవకుంటే సిగ్గు. నేను రానులేమ్మా, సుఖంగా చేసుకోండి" అని చెప్పి వచ్చేది. ఎవరినీ మన్నించేది కాదు. నన్నూ మన్నించలేదు. నా వంట వాసన బాగాలేదంది, నా ముగ్గు వంకర అంది, మా ఆయన నవ్వు పళ్ళ డాక్టరు బోర్డులా ఉందంది.

అప్పట్లో నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, దారంలా వచ్చేవి. బెంగళూరులో లేనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. వీధి లైను నుంచి వచ్చే నీళ్ళు గేటు దగ్గర ఒక చిన్న గుంటలో ఉండే మీటరు దాటి ఇంట్లోకి వస్తాయి. అక్కడి నుంచి నేల కింది తొట్టిలోకి, అంటే సంపులోకి దిగుతాయి. సంపులో పడ్డ నీళ్ళు స్నానానికీ బట్టలకీ. వాటిని తాగడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకని ప్రతి ఇంటికీ సంపుతో సంబంధం లేకుండా, లైనులోంచి నేరుగా వంటింట్లోకి వచ్చే కొళాయి ఒకటి ఉంటుంది. తాగడానికి, దేవుడికి ఆ నీళ్ళే. ఆ కొళాయి కోసమే మా వీధి బతికేది.

నీళ్ళొచ్చే పొద్దున ఓనరమ్మ ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని మీటరు గుంట పక్కన కూర్చునేది. లోపల తిరిగే చిన్న చక్రాన్ని చూస్తూ ఉండేది. కాసేపు తిరిగేది, ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆగిందంటే ఎదురింట్లో మోటారు వేశారని అర్థం. లైనుకే మోటారు తగిలించి వీధి నీళ్ళన్నీ పీల్చుకునేవాళ్ళలో మొదటివాడు సెక్రటరీ. క్రమశిక్షణ గురించి మీటింగుల్లో ఉపన్యాసాలు చెప్పేది కూడా ఆయనే. ఓనరమ్మ వీధి మొత్తానికీ వినబడేలా, "పీల్చనీలేప్పా. నిన్నంతా ఉపవాసం ఉండాడు, పాపం" అనేది. మోటారు చప్పుడు ఆగేది కాదు. సిగ్గుంటే కదా ఆగడానికి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఏళ్ళలో మా వీధికి ఒక జబ్బు పట్టుకుంది. నా ఇంట్లో పడని చుక్క పక్కింట్లో పడుతుందన్న జబ్బు. అది ఎముకల్లోకి దిగింది.

కొన్నేళ్ళకి కొత్త లైను వచ్చింది. వీధి వీధంతా సంబరం. మీటరు గుంటల మీద కొబ్బరికాయలు కొట్టారు, పసుపు కుంకుమ చల్లారు. లైను వేయించినంత గంభీరంగా సెక్రటరీ మెడలో దండ వేయించుకున్నాడు. మొదటి రోజు నేను వంటింటి కొళాయి కింద గ్లాసు పెట్టి తిప్పితే గ్లాసు ఎగిరి గోడకి కొట్టుకుంది. మేం పల్లంలో ఉన్నాం కదా, ఎత్తు మీది నీళ్ళ బరువంతా మా కొళాయిల్లో వచ్చి పడింది.

మొదట్లో అందరికీ అది గొప్పగా ఉండేది. మోటారు వేయకుండానే మిద్దె మీది ట్యాంకు దాకా నీళ్ళు ఎక్కుతున్నాయని చుట్టాలను పిలిచి చూపించుకున్నారు. తర్వాత కొళాయిల తలలు ఊడడం మొదలైంది. సంపులో నీళ్ళని ఆపే బంతులు విరిగాయి, సంపులు పొంగి వాకిళ్ళు చెరువులయ్యాయి. గోడల్లోని పాత పైపులు ఎక్కడ పడితే అక్కడ చెమ్మ కక్కాయి. ప్రతి ఇంటి పైపుకీ పాత సైకిల్ ట్యూబు ముక్కల కట్లు కనిపించేవి. యుద్ధం నుంచి వచ్చిన సైనికుల వీధిలా ఉండేది.

మరి ప్రెషర్ తగ్గించుకోవచ్చు కదా? మీటరు దాటాక ఒక వాల్వు బిగిస్తే చాలు, ఎంత కావాలో అంతే లోపలికి వస్తుంది. అంగట్లో దొరికే వస్తువే, ప్లంబర్లు చెబుతూనే ఉన్నారు. ఒక్కరూ పెట్టలేదు. ఇందాక చెప్పిన జబ్బే కారణం. నేను తగ్గించుకుంటే ఆ తగ్గింది పక్కింటికి పోతుంది. గోడ పెచ్చులు ఊడనీ, కరెంటు స్విచ్చులు తడవనీ, పక్కింటావిడకి ఒక బిందె ఎక్కువ పోకూడదు. ఇలాంటి మనుషుల మధ్య బతికానని చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు రోతగానే ఉంటుంది.

ఈ జబ్బుకి సెక్రటరీ సిద్ధాంతం కనిపెట్టాడు. తన మిద్దె మీద మీటింగు పెట్టి, అందరికీ కేసరిబాత్ పెట్టించి, "ప్రెషర్ పంపేది వాళ్ళు. కాబట్టి రెస్పాన్సిబిలిటీ వాళ్ళది. మనం లోపల వాల్వు పెట్టామంటే తప్పు మనదని ఒప్పుకున్నట్టే. ఎవరూ ఏమీ బిగించకండి. మనం అర్జీ పెడదాం" అన్నాడు. అందరూ తలలూపారు. ఏమీ చేయకుండా ఉండడానికి ఇంత గౌరవమైన కారణం దొరికితే ఎవరు ఊపరు? ఓనరమ్మ ఆ మీటింగుకి వెళ్ళలేదు. "కేసరిబాత్ మిగిల్తే పంపించు" అని కబురు మాత్రం చేసింది. వాల్వు ఆవిడా బిగించలేదు. మా ఇంటి పైపు గట్టిదని ఆవిడ నమ్మకం.

అప్పటికి నేను ఇంట్లోనే చీరల పని చేసేదాన్ని. ఫాల్స్ కుట్టడం, పట్టుచీరలు పాలిష్ చేయించి ఇవ్వడం. బీరువా లేక, వంటింటి గోడకి అవతలి వైపు చెక్కల అర ఒకటి చేయించి చీరలన్నీ అందులో పెట్టేదాన్ని. పరాయివాళ్ళ చీరలతో బతికేవాళ్ళకి పేరే పెట్టుబడి. ఒక్క చీర పాడైతే ఆ మాట ఆడవాళ్ళ మధ్య ఎంత తొందరగా పాకుతుందో మీకు తెలియంది కాదు.

ఒక నీళ్ళ రోజు పొద్దున నేను దారాలు కొనడానికి బజారుకి వెళ్ళి వచ్చేసరికి మా గుమ్మంలో జనం. లోపల గోడలో పైపు పగిలింది. పెచ్చు ఊడిపడి, నీళ్ళు నేరుగా చీరల అర మీదికి చిమ్మాయి. ఓనరమ్మ చప్పుడు విని పరుగెత్తుకొచ్చి, మీటరు దగ్గర లైను కట్టేసి, చీరలన్నీ లాగి మంచం మీదికి విసిరేసింది. నేను చూసేసరికి తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయి, ఒంటి మీదే స్వెట్టరు పిండుకుంటోంది. చాలా చీరలు బతికాయి. అడుగున ఉన్న ఒకటి మాత్రం పూర్తిగా నానింది. అది పెళ్ళికూతురు చీర. మీగడ రంగు పట్టు, ఎర్రటి అంచు. ఆ ఎరుపు మీగడ రంగంతా పాకిపోయింది. ఆ వారంలోనే ముహూర్తం. చీర పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను.

సెక్రటరీ కెమెరాతో వచ్చాడు. "ముట్టుకోకండి! ఆరేయొద్దు! ఇలాగే ఉంచండి, ఫోటో తీస్తాను. మన అర్జీకి ఇంతకంటే ఎవిడెన్స్ ఏముంటుంది?" అన్నాడు. ఆయన ముఖంలో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు. నా చీరని నేను పట్టుకుంటే పక్కకి జరగమన్నాడు, ఫోటోలో నా చెయ్యి పడుతోందట.

ఆ సమయానికి వీధిలో నీళ్ళు వదిలే మనిషి సైకిల్ మీద పోతుంటే సెక్రటరీ ఆపి లోపలికి లాక్కొచ్చాడు. "చూడు, మీ ప్రెషర్ చేసిన పని! ఎవరిది రెస్పాన్సిబిలిటీ?" అని అరిచాడు. అతను గోడ చూశాడు, చీర చూశాడు. కన్నడం కలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. "సార్, మీటరు దాకా మాది. మీటరు దాటినాక మాది కాదు. తగ్గు లేఔట్లలో అంతా ఇట్లనే, ప్రెషర్ జాస్తి వస్తాది. వాల్వు ఇంటోళ్ళే వేసుకోవాల."

గదిలో అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆ వీధిలో అప్పటికి చాలా ఇళ్ళలో జరిగింది. ఓనరు సెక్రటరీని చూస్తాడు, సెక్రటరీ ఆకాశం చూస్తాడు, ఆఖరికి అందరూ అద్దెకున్నవాళ్ళని చూస్తారు. నల్లి గట్టిగా తిప్పి ఉంటారంటారు. మా ఓనరమ్మ ఆ మాట మొదటి రోజే అని ఉంది కూడా. నేను ఆవిడ నోటి వైపు చూస్తూ కూర్చున్నాను.

"మీటరు దాటితే ఎవురిదప్పా?" అంది ఆవిడ.

"ఓనర్‌దమ్మా."

"నేనే ఓనరు."

"అయితే మీదే."

"సరే" అంది. అంతే. వాదన లేదు, శాపనార్థాలు లేవు. ఒక మనిషి "నాది" అనడానికి పట్టే సమయం అంత తక్కువని ఆ గదిలో అందరికీ అప్పుడే తెలిసినట్టుంది. తర్వాత నా వైపు తిరిగి, "లెయ్ పాపా. ఆ చీర మడత పెట్టు. వాళ్ళ ఇల్లు యాడుండాదో చూపించు" అంది. పైకి వెళ్ళి పొడి చీర కట్టుకుని, ఆ తడిసిన స్వెట్టరే మళ్ళీ వేసుకుని దిగింది. ఆవిడకి ఉన్నది అదొక్కటే.

పెళ్ళికూతురి తల్లి మా పక్క లేఔట్‌లో ఉండేది. చీర విప్పి చూడగానే ఆమె కేకలకి వాళ్ళ వాకిట్లో వేస్తున్న పందిరివాళ్ళు కూడా పని ఆపారు. పని చేతకానిదాన్నట, ఆశకి పోయి మోయలేనన్ని చీరలు పెట్టుకున్నానట, పెళ్ళికి అపశకునం తెచ్చానట. మా ఓనరమ్మ ఒకరి మాట పడడం నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు చాలాసేపు పడింది. తర్వాత ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"అమ్మా, పగిలింది నా పైపు. నా గోడ, నా ఇల్లు. ఈ పిల్ల అప్పుడు ఇంట్లోనే లేదు. తిట్టు, ఇంకా తిట్టు, వింటా. నన్ను తిట్టు. ఆ పిల్లని ఇంకొక్క మాట అంటే మాత్రం నేనూ మొదలుపెడతా. నాకు నీ కంటే బాగా వస్తాది."

ఆ సాయంత్రమే ఆ తల్లితో కలిసి ముగ్గురం చీరల కొట్టుకి వెళ్ళాం. అలాంటిదే చీర దొరికేదాకా కొట్టువాళ్ళ ప్రాణాలు తీసింది ఓనరమ్మ. అది ఎంత పెట్టి కొన్నదో ఆవిడ నాకు చెప్పలేదు. అడిగితే, "నువ్వు కట్టుకుంటావా? లేదు గదా? ఊరుకో" అంది. ఆ పెళ్ళికూతురి తల్లి తర్వాత నాకు ఎంతమందిని పంపిందో! నా పని, నా పేరు ఆ రోజు నిలబడ్డాయంటే ఓనరమ్మ వల్లనే నిలబడ్డాయి. ఆ ఋణం నాకు ఈ జన్మలో తీరదు.

మర్నాడే ప్లంబర్ వచ్చి మీటరు దాటాక వాల్వు బిగించాడు. మా వంటింటి కొళాయి నీళ్ళు మళ్ళీ మర్యాదగా రావడం మొదలుపెట్టాయి. వీధిలో నవ్వులాట మొదలైంది. గంగమ్మ ఇంటికొస్తే తలుపేసుకున్న మహాతల్లి అన్నారు. మెంటల్ కేసు అన్న బిరుదు అప్పుడే వచ్చింది. ఆ ఆదివారం సెక్రటరీ కొంతమందిని వెంటబెట్టుకుని మా గేటు ముందుకి వచ్చాడు. ఓనరమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"మేడం, మీరొక్కరు వాల్వు పెట్టడం వల్ల మన కేసు వీక్ అయిపోతుంది. తీయించేయండి" అన్నాడు.

"కేసు యాడుండాదప్పా?"

"అర్జీ పెట్టాం కదండీ."

"పెట్టు, నేనేమన్నా వద్దంటినా? నీ అర్జీ చదివి వాళ్ళు నీళ్ళు తగ్గించేదాకా నా గోడ నిలబడి ఉండాల గదా?"

"ఇది గోడ గురించి కాదు మేడం. ప్రిన్సిపుల్. రెస్పాన్సిబిలిటీ ఎవరిదో తేలాలి."

ఆవిడ అప్పుడు లేచింది. "తేలింది గదప్పా. నా ఇంట్లో పగిలింది, ఆ పిల్ల చీరలు తడిసినాయి. నాది కాదంటే ఆ పిల్లది అయితాది. ఎవురిదీ కాదు, ఎవురిదీ కాదు అని మీరంతా చేతులు దులుపుకుంటే, అది పోయి బాడిగకి ఉండేవాళ్ళ నెత్తిన పడతాది. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే గదా అర్జీలు రాసేది?"

వెనక నుంచి ఎవరో, "మీ వాటా నీళ్ళు కూడా మాకే వస్తాయిలే" అన్నారు, నవ్వుతూ. "తాగండి. కడుపులు పగిలితే మాత్రం ప్లంబర్‌ని నేను పంపను" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి వింటున్న నేను ఎన్నాళ్ళకో కడుపారా నవ్వుకున్నాను.

తర్వాత జరిగింది చెబితే మీకూ అసహ్యం వేస్తుంది. ఏడాది తిరిగేలోగా వీధిలో ఒక్కొక్కరే వాల్వులు పెట్టించుకున్నారు. పగలు ప్లంబర్ వస్తే ఎవరైనా చూస్తారని, వీధివాళ్ళంతా పెళ్ళిళ్ళకి పోయిన రోజు చూసి పిలిపించుకున్నారు. బిగించాక మీద పూలకుండీలు పెట్టి దాచారు. సెక్రటరీ ఇంటి వాల్వు క్రోటన్ కుండీ కింద ఉండేది. ఆయన భార్యే ఒకసారి నాతో నోరు జారింది. అయినా అర్జీ మీద సంతకాలు మాత్రం ఆగలేదు. కుండీల కింద వాల్వులు పెట్టుకున్న చేతులతోనే, మా ఇళ్ళలో ఏ వాల్వూ లేదు, పెట్టే బాధ్యత మాది కాదు అని రాసిచ్చారు. నేను ఇల్లు ఖాళీ చేసేనాటికి కూడా ఆ అర్జీ బతికే ఉంది.

ఓనరమ్మది మాత్రం అందరికీ కనబడేలా ఎండలో ఉండేది. ప్రతి నీళ్ళ రోజూ వాకిట్లో కొళాయి విప్పి, దాని మూతికి బొటనవేలు అడ్డం పెట్టి ఆపి చూసేది. వేలు ఆపగలిగితే బాగున్నట్టు. ఒకసారి ఆపలేకపోయింది, వేలు పక్కనుంచి నీళ్ళు ఆవిడ ముఖాన చిమ్మాయి. "ముసలితనం వచ్చింది దీనికీ" అని ఆ రోజే వాల్వు మార్పించింది. ఒకసారి బిగిస్తే చాలదా అని నేను అడిగాను. "ఒకసారి అన్నం తింటే చాలునా?" అంది.

మీరు ఆవిడని దేవతని చేసుకోకండి. జిగణి దగ్గర మేము సొంత ఇల్లు కట్టుకుని ఖాళీ చేస్తున్న రోజు ఆవిడ నన్ను ఆశీర్వదిస్తుందేమో, కంటతడి పెడుతుందేమో అని నేను పిచ్చిదానిలా ఎదురుచూశాను. ఆవిడ గది గదీ తిరిగి గోడల మీద మేకుల గుర్తులు చూసి, రంగు ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటానంది. పెళ్ళికూతురు చీర కొనిచ్చిన మనిషి! నేను మొహం చిన్నబుచ్చుకుంటే, "పైపు నాది పాపా. పెయింటు నీది" అంది. ఆ మాటకి అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఎవరి ఇంట్లో ఏ పేచీ వచ్చినా ముందు నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

పోయిందన్న కబురు విని నేను వెళ్ళేసరికి ఆవిడని వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. స్వెట్టరు లేకుండా ఆవిడని చూడడం నాకు అదే మొదటిసారి, చిన్నపిల్లలా కనిపించింది. తమ్ముడు దేవనహళ్ళి నుంచి వచ్చి అయోమయంగా తిరుగుతున్నాడు. తెల్లబట్టలు కట్టుకున్న సెక్రటరీ గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకల్లా, "నీటి సమస్య మీద మాకు దారి చూపించిన మనిషండీ" అని చెబుతున్నాడు. వింటున్నవాళ్ళలో ఆవిడని చూసి నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందరూ తలలూపుతున్నారు. మా వీధిలో తలలెప్పుడూ బాగా ఊగుతాయి.

వాకిట్లో మీటరు గుంట పక్కన కొళాయి కింద బిందె పెట్టారు, ఆఖరి స్నానానికి. సన్నటి ధార నిదానంగా పడుతోంది. పక్కన ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. సెక్రటరీ వాచీ చూసుకుని, ఇంటికి వెళ్ళి ఒక స్పానర్ పట్టుకొచ్చాడు. క్రోటన్ కుండీ కింద వాడేదే అయ్యుంటుంది.

"వాల్వు కాస్త వదులు చేసేస్తే టకటకా నిండిపోతాయండీ. లేకపోతే పదకొండు దాటేస్తుంది" అని గుంట మీదికి వంగాడు.

కింది వాటా గుమ్మంలో ఇప్పుడు అద్దెకున్న అమ్మాయి నిలబడి ఉంది. ఆమె వెనక, ఆ వంటింటి గోడ అవతలే, ఊదొత్తుల అట్టపెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. ప్యాకింగు పని చేసుకుంటుందట. ఆమె ఆయన చేతిలోని స్పానర్ వైపు చూసి, వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు.

"ఇన్నేళ్ళుగా ఆ పైపులు అంత ప్రెషర్ చూడలేదు. లోపల పగిలితే ఎవరిదండీ?" అని అడిగాను.

"ఈ టైములో అదేం మాటండీ?" అన్నాడు సెక్రటరీ.

"ఈ టైములోనే అడగాలి. ఎవరిది?"

ఆయన తమ్ముడి వైపు చూశాడు. "నాకేం తెలుసునప్పా, అంతా అక్కే చూసుకుంటా ఉండె" అన్నాడు ఆ పెద్దాయన, చేతులు నలుపుకుంటూ. సెక్రటరీ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు చెప్పులు చూసుకున్నారు. "ఏదైనా అయితే సంఘం చూసుకుంటుంది లెండి" అన్నాడు చివరికి. శవం ఉన్న వాకిట్లో నవ్వకూడదు. నేను నవ్వాను.

వెళ్ళి ఆయన చేతిలోంచి స్పానర్ తీసుకున్నాను. "ఈ పూటకి నాది" అన్నాను. గోడ దగ్గర పసుపుపచ్చ కుర్చీ ఉంది, వెలిసిపోయి, ఒక కాలు పగిలి. దాన్ని మీటరు గుంట పక్కకి లాక్కుని కూర్చున్నాను. కొళాయి మూతికి బొటనవేలు అడ్డం పెట్టి చూశాను. ఆగింది. తీస్తే మళ్ళీ అదే సన్నటి ధార, చుక్క చిందకుండా బిందెలో పడింది. సెక్రటరీ చేతులు కట్టుకుని, బిందె నిండేదాకా అలాగే నిలబడ్డాడు.